తెర మీద ఇల్లాలు

తెర మీద ఆ ఆడమనిషి క్యారేజీ పట్టుకుని దిబ్బ ఎక్కుతుంటే, కింద చీకట్లో కూర్చున్న హెప్సిబా తన కాళ్ళు రెండూ కుర్చీ కిందికి ముడుచుకుంది, ఎవరో వాటివంకే చూస్తున్నట్టు. తెనాలిలో శనివారం పొద్దుటాట, హాలంతా కలిపి పట్టుమని ఇరవైమంది లేరు, చూసేదెవరు. అయినా ముడుచుకుంది. ఆ నటి ఎవరో కొత్తమ్మాయి, చీర కుచ్చిళ్ళు ఎడంచేత్తో కాస్త ఎత్తిపట్టి, గడ్డిలో జారకుండా పాదం పక్కవాటుగా వేస్తూ, రోజూ ఎక్కే దారి ఎక్కుతున్నట్టు తాపీగా ఎక్కుతోంది. నుదుట బొట్టు లేదు, భుజాన టీచరమ్మల సంచీ వేలాడుతోంది. పైన ఆ మనిషి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పొలాల వైపు చూస్తున్నాడు. ఆమె క్యారేజీ ఆయన పక్కన పెట్టి, ఏమీ అనకుండా, సంచీ సర్దుకుని బడికి వెళ్ళిపోయింది. భట్టిప్రోలు నుంచి వచ్చే తోటి టీచరు సుజన చెప్పింది నిజమే. స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "అక్కా, తెనాలిలో ఏదో మిలిటరీ ఆయన సినిమా వచ్చింది, అందులో మనిషి అచ్చం మీ సారులాగే కూర్చుంటాడక్కా," అంది. ఆ మనిషికి ఒక భార్య ఉందని మాత్రం చెప్పలేదు సుజన. ఆమె కూడా టీచరేనని, రోజూ అన్నం పట్టుకెళ్ళి ఇస్తుందని చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదేమో. లేకపోతే, నిజంగానే అట్టా జరిగింది కాబోలు, హెప్సిబా అక్క మంచిది కాబోలు అనుకుందేమో. ఆ రెండో ఊహ రాగానే హెప్సిబా మెడ వెనక వేడెక్కింది. ఏసీ పనిచేస్తూనే ఉంది.

తను ఎన్నడైనా పట్టుకెళ్ళిందా అన్నం? భట్టిప్రోల్లో వాళ్ళ ఇంటికీ బడికీ మధ్యలోనే ఉండేది బౌద్ధుల దిబ్బ, చుట్టూ కంచె, లోపల పాత ఇటుకలు, పచ్చగడ్డి. ఇంట్లోంచి బయల్దేరి దాని పక్క నుంచి పోతే పది నిమిషాల్లో బడి. తన భర్త శాలేమురాజు అక్కడ కూర్చోవడం మొదలెట్టాక తను ఆ దారే మానేసింది. కాల్వ గట్టు మీదుగా చుట్టు తిరిగి, చెప్పులకు బురద అంటించుకుని, ప్రార్థన గంట కొట్టేవేళకి ఆయాసపడుతూ చేరేది. హెడ్మాస్టరు ఏమ్మా ఆలస్యం అంటే, గట్టు మీద గాలి బావుంటుంది సార్ అని చెప్పింది ఒకసారి. గాలంట. పిల్లలు ఊరుకుంటారా, మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "టీచరుగారండీ, సారు దిబ్బ మీద ఉన్నారండీ," అని చెప్పింది, తప్పిపోయిన మేకపిల్ల కనపడిందన్నంత సంతోషంగా. తను ఆ పిల్లని ఎక్కాలు అప్పజెప్పమంది. ఆ పిల్లకి ఎక్కాలు రావు. రావని తెలుసు. తెలిసే అడిగింది. నిలబెట్టింది గంటసేపు. ఆ పిల్ల పేరేంటి, రిబ్కా, అవును, నిలబడి నిలబడి గోడకి ఆనుకుంటే, సరిగ్గా నిలబడు అని కూడా అంది. ఇన్నేళ్ళ తర్వాత, ఎవరో తీసిన సినిమా మధ్యలో, ఆ పిల్ల కాళ్ళు గుర్తొచ్చాయి, దుమ్ముకొట్టుకుపోయిన సన్నకాళ్ళు, ఒకదాని మీద ఇంకోటి వేసుకుని బరువు మార్చుకుంటూ.

తెర మీద ఇప్పుడు ఊళ్ళో సన్మానం. మిలిటరీ ఆయన మెడనిండా బంతిపూల దండలు, బ్యాండు మేళం, గుడి ముందు షామియానా. ఇది మాత్రం నిజం, ఇట్టాగే జరిగింది. కార్గిల్ యుద్ధం అయిపోయాక శాలేమురాజు సెలవు మీద వస్తే రేపల్లె స్టేషను నిండిపోయింది. తను కొత్తచీర కట్టుకుని, చంకలో లిడియాని ఎత్తుకుని, ఎంత గర్వంగా నడిచింది ఆయన పక్కన. కాకుమాను నుంచి నాన్నగారు వచ్చారు, ఆయన పాస్టరు, ఆ ఆదివారం కృతజ్ఞతారాధన ఆయనే చేశారు. అల్లుణ్ణి లేపి, సాక్ష్యం చెప్పు నాయనా అన్నారు. దేవుడు నిన్ను ఎట్టా కాపాడాడో చెప్పు అని. శాలేమురాజు లేచాడు. జనం వైపు చూశాడు, ముందు వరసలో కూర్చున్న సంఘ పెద్దల వైపు చూశాడు, ఏదో చెప్పబోయినట్టు గొంతు సవరించుకుని, మళ్ళీ కూర్చున్నాడు. గుడంతా నిశ్శబ్దం. ఎవరో వెనక నుంచి పాట ఎత్తుకుని ఆ నిశ్శబ్దాన్ని కప్పేశారు. ఆడవాళ్ళ వైపు నుంచి తలలు తన వైపు తిరిగాయి. అదే మొదటి సిగ్గు. అప్పుడామె సిగ్గు పడింది ఆయన్ని చూసి. ఇవాళ పడుతున్నది ఆ సిగ్గుని చూసి. ఆ రోజు ఇంటికొచ్చాక, నాలుగు మాటలు చెబితే ఏం పోయేదండీ అని అడిగింది. ఆయన లిడియా జడ విప్పి మళ్ళీ అల్లుతున్నాడు, రాదు ఆయనకి అల్లడం, అట్టా వంకరటింకరగా అల్లుతూ, చెప్పేదేమీ లేదు హెప్సీ అన్నాడు. చెప్పేదేమీ లేదు అంటే నమ్మింది. ఎంత సుఖంగా నమ్మింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి పింఛను తీసుకుని పూర్తిగా ఇంటికొచ్చాడు. ఆదివారాలు తెల్ల చొక్కా వేసుకుని గుడికి వచ్చేవాడు, పాటలు పాడేవాడు, వాక్యం వినేవాడు. అందరూ లేచి నిలబడి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేటప్పుడు మాత్రం పెదవులు కదిపేవాడు కాదు. ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే మగవాళ్ళ మొహాలన్నీ కనపడతాయి, అన్ని నోళ్ళూ ఒక్కసారి తెరుచుకుని మూసుకుంటుంటే మధ్యలో ఈయన నోరొకటి కుట్టేసినట్టు. తను చూసింది, తర్వాత బాబూరావు చూశాడు, ఆయన సంఘ కార్యదర్శి, ఆయన చూశాక ఇంకేముంది. రాకపోతే రాకపోయె, పెదవులన్నా ఆడించండి, ఎవరికి తెలుస్తుంది అంది ఇంట్లో. అన్నది ఎవరు, పాస్టరు కూతురు, ఆదివారం బళ్ళో పిల్లలకి ఆ ప్రార్థన కంఠతా పట్టించే మనిషి. దేవుడికి తెలుస్తుంది అని కూడా అనలేదు ఆయన. ఆమె వంక చూసి తల వంచుకున్నాడు. ఆమె కోసం సిగ్గుపడ్డాడేమో. అవును, అంతే అయ్యుంటుంది, ఆ తల వంచుకోవడం ఆమె కోసం. అప్పుడు తెలియలేదు, తప్పు ఒప్పుకున్నాడు అనుకుంది.

ఇక తర్వాత దిబ్బ. దిబ్బే కాదు, ఒకరోజు దర్గా దగ్గర కూర్చున్నాడని వచ్చి చెప్పారు, ఒకరోజు ఆంజనేయస్వామి గుడి అరుగు మీద పూజారితో మాట్లాడుతున్నాడని. మతి పోయిందన్నారు కొందరు, మతం మారాడన్నారు కొందరు. మతి పోయిందన్న వాళ్ళ మీద హెప్సిబాకి కోపం రాలేదు. మారాడన్న మాటకే తల కొట్టేసినట్టయింది. నాన్నగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన అల్లుణ్ణి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసుకుని చాలాసేపు మాట్లాడి, బయటికొచ్చి కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, అతన్ని తొందరపెట్టకమ్మా అన్నారు. అల్లుడు విశ్వాసం పోగొట్టుకున్నాడని ఏడ్చారనుకుంది తను. పెద్దవారైపోయి మెత్తబడ్డారనుకుంది. ఏం చెప్పాడు నాన్నా అని అడిగిందా? లేదు. ఆ కళ్ళు ఎందుకు తడిశాయో అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే కాకుమాను సమాధుల తోటలో ఉన్నారు ఆయన.

చివరికి ఒక సాయంత్రం, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అంది. ఈ ఇంట్లో ఉండాలంటే గుళ్ళో అందరిలా ఉండండి అని. కత్తిపీట మీద బెండకాయలు, జిగురు వేళ్ళకి. ఆయన సరే అన్నాడు. సరే అంటే దారికొచ్చాడనుకుంది. పొద్దున లేచేసరికి మిలిటరీ ట్రంకుపెట్టె లేదు. బాపట్లలో సీమోను అని ఆయన పటాలం మనిషి, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో కాపలా పని ఇప్పించాడట. లిడియాకి ప్రతి నెలా ఫోన్ చేసేవాడు, ఇప్పటికీ చేస్తాడు, గుంటూరులో నర్సు అయ్యింది ఆ పిల్ల, సెలవు దొరికితే నాన్న దగ్గరికి బాపట్ల పోతుంది, అమ్మ దగ్గరికి రేపల్లె వస్తుంది. భట్టిప్రోల్లో ఆ మాటలు పడలేక తను రేపల్లెకి బదిలీ చేయించుకుంది. వెళ్ళిపోయాడు అని చెప్పుకుంది అందరితో. వెళ్ళగొట్టాను అన్న మాట ఈ కుర్చీలో కూర్చునేదాకా మనసులో కూడా అనుకోలేదు.

అప్పుడు కనపడ్డాడు. తెర మీద ఎండ పడ్డ పొలం వచ్చి హాలంతా పసుపురంగు వెలుగు పరచుకుంటే, ముందు నాలుగో వరసలో ఒక తల. వెనక పలచబడ్డ జుట్టు, పొట్టిగా కత్తిరించింది, మిలిటరీ క్షవరం మానలేదు. కుడిచెవి కాస్త బయటికి పొడుచుకుని, కిందిభాగం మంచుకి కమిలి ముడుచుకుపోయి. ఆ చెవిని మర్చిపోయేదెట్టా. లేచి వెళ్ళిపోదామా అని కొంగు చేతిలోకి తీసుకుంది. ఆమె చూస్తున్నదంతా ఆయనా చూస్తున్నాడన్నమాట. ఆ కొత్తమ్మాయి క్యారేజీ పెట్టినప్పుడు ఆయనా చూశాడు. చూసి ఏమనుకున్నాడు. తల కదల్లేదు. వెనక నుంచి మనిషి మనసు తెలియదు, తల ఒక్కటే తెలుస్తుంది. ఇన్నేళ్ళలో తను చూడాల్సినంతగా చూడని మనిషిని ఇప్పుడు వెనక నుంచి, చీకట్లో, దొంగచాటుగా చూస్తోంది. తెర మీద భార్య ఏదో అంటోంది, వినపడలేదు. మధ్యలో ఒక కుర్రజంట లేచి వెళ్ళిపోయారు. ఫైటింగే లేదురా అని ఎవరో గొణిగారు. విశ్రాంతి అని పడి దీపాలు వెలిగాయి.

వెలుగులో కూర్చోలేక లేచి బయటికొచ్చింది. టీ కౌంటరు దగ్గర ఆయనే ఉన్నాడు, కాగితం గ్లాసు చేత్తో పట్టుకుని. తప్పుకునే వీలు లేదు. ఆయన తిరిగి చూశాడు, ఎప్పుడూ కలుస్తుండే మనిషిని చూసినట్టే చూశాడు.

"నువ్వూ వచ్చావా," అన్నాడు.

"సుజన చెప్పిందండి. మీరెప్పుడొచ్చారు?"

"పొద్దుటి బండికి. ఇయ్యాళ్టితో తీసేస్తారంట. అభిషేక్ ఫోన్ చేసి, మీరొక్కసారన్నా చూడండి అంకుల్ అన్నాడు. ఈ సినిమా తీసింది అతనే, మా బాపట్ల పిల్లోడే. సముద్రం దగ్గర ఏదో షూటింగుకొచ్చి పరిచయమయ్యాడు." ఆయన ఇంకో టీ చెప్పి ఆమె చేతికిచ్చాడు. చక్కెర ఎక్కువ వెయ్యమని చెప్పి ఇచ్చాడు. ఆమె చక్కెర మానేసి చాలా కాలమైంది. తాగింది.

అడగకూడదనుకుంది, అడిగింది. "ఆమె గురించి మీరే చెప్పారా?"

"ఎవరి గురించి?"

"ఆ భార్య గురించి."

ఆయన గ్లాసులోకి చూశాడు. "మీ ఇంట్లో ఆవిడ ఏం చేసేవారంకుల్, ఏమనేవారు అని అడిగాడు."

"ఉన్నది చెప్పొచ్చు గదండీ."

"ఉన్నది చెబితే నువ్వు అంతే అనుకుంటారు గదా," అన్నాడు. ఇంకా మెల్లగా, "నువ్వు అంతే కాదు గదా," అన్నాడు.

గంట మోగింది. లోపలికి నడుస్తుంటే ఆమెకి నేల ఎక్కడుందో తెలియలేదు. తిట్టినా బావుండేది. ఇన్నేళ్ళు ఆయన తనని తిట్టుకుంటూ ఉంటాడనే ఊహ ఒకటి ఉండేది, దానికి ఎదురు నిలబడి తనూ లోలోపల వాదించుకుంటూ, నేనేం తప్పన్నాను, పాస్టరు కూతురికి ఆ మాత్రం ఉండదా అని జవాబులు సిద్ధం చేసుకుంటూ బతికింది. జవాబులన్నీ ఇప్పుడు ఎవరూ అడగనివైపోయాయి. ఆ సముద్రం ఒడ్డున రేకుల షెడ్డులో కూర్చుని, ముక్కూమొహం ఎరగని కుర్రాడు అడిగితే, ఆమెని మంచిదాన్ని చేసి చెప్పాడు. ఏం చెప్పాడు, ఎండలో వచ్చేది, క్యారేజీ పెట్టి పోయేది, ఒక్కమాట అనేది కాదు అని చెప్పాడా? చెబుతున్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు ఉందా, లేక అట్టా వస్తుందని దిబ్బ మీద కూర్చున్నన్నాళ్ళూ చూసి చూసి, రాని మనిషినే వచ్చినట్టు గుర్తుపెట్టుకున్నాడా? రెండోదైతే మరీ భరించలేదు. ఆయన ముందుకు పోకుండా ఆమె వరసలోకే వచ్చి, మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. ఆ ఖాళీ కుర్చీ సీటు దానంతటదే పైకి లేచి నిలబడి ఉంది.

తెర మీద సాయంత్రం. దిబ్బ మీద భార్య ఆయన పక్కన కూర్చుంది, ఇవాళ బడి లేదు కాబోలు. "అక్కడ ఏం జరిగిందండీ?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. ఎంతసేపు ఊరుకుందో, హాల్లో ఎవరో అసహనంగా దగ్గారు, ఎవరిదో ఫోను వెలిగి ఆరింది. హెప్సిబా ఎన్నోసార్లు ఎందుకు అని అడిగింది ఆయన్ని. ఎందుకు మాట్లాడరు, ఎందుకు నోరు కదపరు, ఎందుకు నా పరువు తీస్తారు. ఏం జరిగింది అని ఒక్కసారి అడగలేదు. రెండూ ఒకటే ప్రశ్న అనుకుంది. పిల్లల చేత వాక్యాలు రాయించే మనిషి, ఏ ప్రశ్నకి ఎట్టాంటి జవాబొస్తుందో తెలిసిన మనిషి.

కొండ. రాళ్ళు, పొగలాంటి మంచు. యుద్ధం చూపించలేదు, అయిపోయాక చూపించాడు అభిషేక్. అవతలి దేశపు సైనికుడొకడు రాళ్ళ మధ్య పడి ఉన్నాడు, ఇంకా మీసం సరిగా రాని మొహం. వాళ్ళ వాళ్ళు తీసుకెళ్ళలేదు. మనవాళ్ళే పూడ్చిపెట్టాలి. నేల తవ్వితే గడ్డపార ఎగిరి పడుతోంది, అంతా రాయి. వాళ్ళ మతం ప్రకారం ప్రార్థన చదవాల్సిన మనిషి కింద ఎక్కడో ఆగిపోయాడు, గుండ్లు పడుతున్నాయి, రాలేడు. ఆఫీసరు చుట్టూ చూసి, ఎవరికి ఏ ప్రార్థన వస్తే అది చదవండయ్యా, ఊరికే పెట్టొద్దు అన్నాడు. అందరూ మొహాలు చూసుకున్నారు. ఆ మనిషి టోపీ తీసి ముందుకొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని మొదలెట్టాడు. సినిమాలో అక్కడ చప్పుడంతా ఆపేశారు. గాలి లేదు, సంగీతం లేదు, మాట లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, తెర నిండా పెద్దగా, మంచుకి పగిలిన పెదవులు.

హాల్లో ఇంకెవరికీ తెలియదు ఆయన ఏం చెబుతున్నాడో. హెప్సిబాకి తెలుసు. పరలోకంలో ఉన్న తండ్రిని పిలిచేచోట పెదవులు ఎట్టా కలుస్తాయో తెలుసు, నామం దగ్గర ఎట్టా విడతాయో, రాజ్యం దగ్గర ఎట్టా గుండ్రమవుతాయో తెలుసు, ఎన్ని వందల పిల్లల నోళ్ళ మీద చూసిందో. లోపల తనూ చెప్పుకుంటూ పోతోంది ఆయనతో, ఆపుకోలేక. ఆహారం అడిగే మాట వచ్చింది, దాటాడు. తర్వాతి మాట, మేం క్షమించినట్టు మమ్మల్నీ క్షమించమని అడిగే మాట. పెదవులు తెరుచుకున్నాయి. అట్టాగే ఉండిపోయాయి. చంపిన పిల్లాడి మీద చెయ్యి పెట్టి, మేం క్షమించాం అని చెప్పాలి. ఎవరు క్షమించాలి ఎవర్ని, ఆ పిల్లాడు క్షమించాలి గదా, వాణ్ణి అడిగేదెట్టా, వాడు లేడే. ఆ మనిషి నోరు తెరుచుకునే ఉంది. పక్కన సైనికులు అయిపోయిందనుకుని రాళ్ళు పేర్చడం మొదలెట్టారు. మిగతా ప్రార్థన అక్కడే, ఆ రాళ్ళ కింద ఉండిపోయింది.

పెదవులన్నా ఆడించండి అంది తను ఈ మనిషితో.

పక్కకు చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది, ఖాళీ కుర్చీకి అవతల ఆయన కదలకుండా కూర్చున్నాడు, గుళ్ళో కూర్చున్నట్టే. నాన్నగారి కండువా గుర్తొచ్చింది. ఆయనకి చెప్పాడు, మామగారికి చెప్పాడు, ఆయన ఆ రోజు ఏడ్చింది అందుకు. బాపట్ల కుర్రాడికి చెప్పాడు. దర్గా దగ్గర ఎవరికో చెప్పి ఉంటాడు, ఇట్టాంటి మాట మీ వాళ్ళకి చేరుతుందా అయ్యా అని అడిగి ఉంటాడు. పూజారితో చెప్పి ఉంటాడు. గుడీ గుడీ తిరిగింది దేవుణ్ణి మార్చుకోవడానికి కాదు, ఆగిపోయిన చోటు నుంచి ఎవరన్నా ముందుకు చెప్పించగలరేమోనని. చెప్పించగల మనిషి ఇంట్లోనే ఉంది, బెండకాయలు తరుగుతూ. తను తెలుసుకోవడానికి టిక్కెట్టు కొనుక్కుని రావాల్సి వచ్చింది, బట్టల కొట్టుకి వెళ్తున్నానని ఇంటి పక్కవాళ్ళకి అబద్ధం చెప్పి. ఏడుపొస్తే బావుండేది, ఎప్పటికీ రాలేదు. ఒళ్ళంతా ఒకటే మంట, చిన్నప్పుడు ఆరాధనలో నవ్వొచ్చి నాన్న వేదిక మీద నుంచి పేరు పెట్టి పిలిచినప్పటి మంట, అది మొహం మీద ఉండేది, ఇది ఎముకల్లో. తర్వాత సినిమా ఎట్టా సాగిందో సరిగా చూడలేదు. ఊరంతా ఆ మనిషితో మాట్లాడ్డం మానేసింది, భార్య మానలేదు. ఆమె మానకపోవడం చూసి హెప్సిబా పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఆమె ముఖం మీద మంచితనం ఎంత తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండేదా నిజంగా, చేసి ఉంటే? రెండు మలుపులు తిరిగి, ఒక కంచె దాటి, ఒక గిన్నెడు అన్నం. అంతేగదా పని.

పేర్లు పడుతుండగానే దీపాలు వేసేశారు, ఊడ్చేవాళ్ళు వచ్చేశారు. అభిషేక్ పేరు ఎవరూ చదవలేదు. ఆయన మాత్రం లేవకుండా అన్ని పేర్లూ అయిపోయేదాకా కూర్చున్నాడు, ఆమె కూడా కూర్చుంది. తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. మిట్టమధ్యాహ్నపు ఎండ మొహాన కొట్టింది, రోడ్డు మీద ఆటోలవాళ్ళు స్టేషను స్టేషను అని అరుస్తున్నారు.

మెట్ల మీద ఒక పెద్దావిడ నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. సినిమా అంతా వెనక వరసలో ఎగబీలుస్తూ కూర్చున్నది ఈవిడే. చీరాల దగ్గర నేతపనివాళ్ళమమ్మా, నా పేరు శేషమ్మ అంటారు అని తనే మాట కలిపింది. కూతురికి కాన్పయి ఇక్కడ ఆస్పత్రిలో ఉందట, పిల్లా తల్లీ నిద్రపోతుంటే కాసేపు చల్లగా కూర్చుందామని వచ్చిందట.

"ఏదో బొమ్మ ఆడిస్తన్నారు గదా అని వచ్చా తల్లీ. ఆ పిల్లని చూస్తే కడుపు నిండిపోయింది. మొగుడు పలికినా పలక్కపోయినా, ఎండయినా వానయినా, ఆ అన్నం పట్టుకుపోవడం చూశావా. ఆ ఇల్లాలే లేకపోతే ఏమైపోయేవాడో మనిషి," అంది. "అట్టాంటిది దొరకాలంటే పుణ్యం చేసుకోవాల. ఏమంటావు నాయనా?"

"అవునండి," అన్నాడు శాలేమురాజు.

ఆ మాట ఆయన అంత మామూలుగా అన్నాడు. హెప్సిబా మెట్టు మీద ఆగిపోయింది.

శేషమ్మ ఆమె వైపు తిరిగింది. "నీకేమనిపించిందమ్మా?"

ఎవరో తెలియని మనిషి, ఇంకో నిమిషంలో జనంలో కలిసిపోయే మనిషి. బావుందండి అంటే అయిపోతుంది. పాస్టరు కూతురికి, టీచరమ్మకి, ఇట్టాంటి చోట ఏం చెప్పాలో ఎప్పుడూ తెలుసు.

"సిగ్గేసిందండి," అంది.

"సిగ్గెందుకు తల్లీ? నువ్వేం చేశావని?"

"ఏమీ చెయ్యలేదండి. ఒక్కరోజు కూడా పట్టుకెళ్ళలేదు."

శేషమ్మ ఆమె వంక చూసింది, ఆయన వంక చూసింది. అర్థమైందో లేదో, సాంతం కాకపోయినా కాస్తో కూస్తో అయ్యే ఉంటుంది, నోటి దాకా వచ్చిన మాటేదో మింగేసి హెప్సిబా మోచేతి మీద ఒకసారి చెయ్యేసి తీసింది. పిల్ల లేచుంటుంది, పోయొస్తానమ్మా అని ఎండలోకి దిగి, రోడ్డు దాటింది.

హెప్సిబా ఆయన వైపు చూడకుండా నిలబడింది. కాదండి, ఈమె అట్టాంటిది కాదు, చాలా మంచిది అని మళ్ళీ ఏదో చెబుతాడేమోనని భయపడింది. ఆయన చెప్పలేదు. ఆ మాటని సర్దే ప్రయత్నం ఏదీ చెయ్యకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి, పక్కన నిలబడ్డాడు. ఎండకి ఆ కమిలిన చెవి ఎర్రగా కనపడుతోంది.

"బండికి ఇంకా టైముంది గదా నీకు," అన్నాడు చివరికి.

"ఉందండి." ఆమే అడిగింది. "ఆ కొండ మీది అబ్బాయి ఎట్టా ఉండేవాడండీ? నిజం అబ్బాయి. సినిమాలోలాగే ఉండేవాడా?"

ఆటో ఒకటి వచ్చి వాళ్ళ ముందు ఆగి, వీళ్ళు ఎక్కరని తెలుసుకుని పోయింది. ఆమె ఇంకేమీ అడగలేదు, సంచీ ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి కూడా మార్చుకోలేదు. హాలువాళ్ళు వెనక గేటు మూస్తున్న చప్పుడైంది. ఆయన మెట్టు మీద నీడ పడ్డచోట, గోడ పక్కగా, మెల్లగా కూర్చున్నాడు.

"ఇంకా చిన్నవాడు," అన్నాడు. "కాళ్ళకి బూట్లు సైజు కాదు. పెద్దవి. లోపల గుడ్డలు కుక్కుకున్నాడు."

ఆమె కూడా కూర్చుంది. ఆయన చెబుతూ పోయాడు.